పద్నాలుగు పాదాల చిన్న గది

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను ముచ్చటించబోయే విషయం పేరు వినగానే మీలో కొందరు రేడియో గొంతు కాస్త తగ్గిస్తారేమో! విషయం పేరు "సానెట్". ఇదేదో కాలేజీ పిల్లల పరీక్ష పేపర్లో ప్రశ్నలా వుంది, మనకెందుకమ్మా అంటారు. నేనూ మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్నే. బడిలో వల్లె వేయించిన నాలుగు ఇంగ్లీషు పద్యాల తరవాత చాలా ఏళ్ళు వాటి మొహం చూడలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పూట కాస్త తీరిక చిక్కితే నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాను. పెద్ద పెద్ద కావ్యాలు ముందేసుకుని కూర్చుంటే మనకి ఇల్లు గడవదు. సానెట్ అంటారా, అది పద్నాలుగే పాదాలు. పదిహేనో పాదం వుండదు. కుక్కరు మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య ఒకటి చదివేయవచ్చు. దాన్ని గురించి ఆలోచించడం మాత్రం బట్టలు ఆరేసుకుంటూ, బియ్యం ఏరుకుంటూ రోజంతా చేసుకోవచ్చు.

అసలు ఈ పద్నాలుగు పాదాల్లో అంత ఆకర్షణ ఏముంది? అందులో పట్టనిదేమిటి? ఆ చిన్న గదిలో ఆడదానికి చోటు ఎప్పుడు దొరికింది? ఈ మూడు సంగతులూ ఈవేళ చెప్పుకుందాం.

సానెట్ పుట్టిల్లు ఇటలీ. "సొనెత్తో" అంటే వాళ్ళ భాషలో చిన్న ధ్వని, చిన్న పాట అని అర్థం. పదమూడో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో జాకొమో ద లెంతీని అనే ఆయన వుండేవాడు. వృత్తి రీత్యా దస్తావేజులు రాసే నోటరీ. ఈ పద్నాలుగు పాదాల అచ్చు మొదట పోసింది ఆయనేనని పండితులు చెబుతారు. దస్తావేజులో అనవసరమైన మాట వుండకూడదు, అవసరమైన మాట జారిపోకూడదు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడికి ఇలాంటి పద్యం తట్టడంలో వింతేముంది చెప్పండి!

దీని కట్టుబాటు చెబుతాను, వినండి. మొదటి ఎనిమిది పాదాలూ ఒక జట్టు, తరవాత ఆరు పాదాలూ ఒక జట్టు. మన పద్యానికి ప్రాస పాదంలో రెండో అక్షరం మీద వుంటుంది కదా, వాళ్ళకి పాదం చివర వుంటుంది. మొదటి పాదం "పాట" అని ముగిసిందనుకోండి. రెండోది "గాలి" అనీ, మూడోది "జాలి" అనీ, నాలుగోది మళ్ళీ "బాట" అనీ ముగియాలి. తరవాతి నాలుగు పాదాలకీ అవే రెండు ప్రాసలు: తోట, కూలి, మాలి, కోట. ఎనిమిది పాదాల్లో ఇంకో ప్రాసకి చోటు లేదు. చివరి ఆరు పాదాలకీ వేరే ప్రాసలు తీసుకోవచ్చు.

ఇది ఇటాలియన్ భాషకి తగిన కట్టు. వాళ్ళ మాటలు చాలా మట్టుకు అచ్చులతో ముగుస్తాయి, మన తెలుగు మాటల్లాగానే. మన భాషని తూర్పుదేశపు ఇటాలియన్ అని మెచ్చుకుంటూ వుంటారు చూడండి, అది ఈ పోలిక వల్లనే. అచ్చుతో ముగిసే మాటలకి జతమాటలు తేలిగ్గా దొరుకుతాయి. ఇంగ్లీషుకి ఆ వీలు తక్కువ. పదహారో శతాబ్దంలో టామస్ వయట్ అనే ఆయనా, సర్రే ప్రభువు హెన్రీ హవర్డ్ అనే ఆయనా సానెట్‌ని ఇంగ్లండుకు తీసుకొచ్చారు. అక్కడి భాషకి తగ్గట్టు సర్రే ప్రభువు ఆ కట్టును కాస్త వదులు చేశాడు. నాలుగేసి పాదాలు మూడు ముక్కలు, చివర రెండు పాదాల జంట. రవికె కొలతలు మనిషిని బట్టి మార్చుకోమూ? అలాగన్నమాట. షేక్స్‌పియర్ రాసింది ఈ పద్ధతిలోనే. ఆయన సానెట్లు 154, అవి 1609లో అచ్చయాయి. ఆ మహానుభావుడు కూడా అన్నిసార్లూ కొలతకు కట్టుబడలేదు సుమండీ. వాటిలో ఒకదానికి పదిహేను పాదాలున్నాయి, ఇంకొకదానికి పన్నెండే వున్నాయి!

సరే, లెక్కల మాట అయింది. ఇక సానెట్ ప్రాణం ఎక్కడుందో చెబుతాను. అది "మలుపు"లో వుంది. ఇటలీ వాళ్ళు దాన్ని "వోల్తా" అంటారు. ఎనిమిది పాదాలు ఒక దారిన వెళతాయి. తొమ్మిదో పాదం దగ్గర ఆలోచన పక్కకి తిరుగుతుంది. ప్రశ్నకి జవాబు వస్తుంది. లేదా జవాబు అనుకున్నది ప్రశ్న అయి కూర్చుంటుంది.

ఈ మలుపు మనకి కొత్తది కాదు. ఇన్‌లాండు ఉత్తరం రాసినవాళ్ళందరికీ తెలిసిందే. అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల తల్లికి ఉత్తరం రాస్తుంది. అందరూ క్షేమం, మామగారి దగ్గు తగ్గింది, ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి, గేదె ఈనింది. మూడొంతుల కాగితం ఇలాగే నిండుతుంది. కాగితం అయిపోవస్తోందని తెలిశాక, మడత దగ్గరికి వచ్చేసరికి, "అయితే అమ్మా" అని ఒక మాట పడుతుంది. తల్లి ఆ పైన రాసిన క్షేమాలన్నీ గబగబా దాటేసి, ఆ "అయితే" దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదువుకుంటుంది. కాగితం ఇంకా పెద్దదైతే ఆ పిల్ల ఆ మాట రాయకుండా ఇంకా ఊరి కబుర్లే రాసి వుండేదేమో! స్థలం అయిపోతోందన్న తొందరే ఆ మాటను బయటికి లాగింది. సానెట్ చేసే పనీ ఇదే.

సీసపద్యం చదివిన చెవులకి కూడా ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. నాలుగు పెద్ద పాదాలు ఒక ఊపున సాగాక ఆటవెలదో తేటగీతో వస్తుంది. నడక మారగానే వినేవాడు నిటారుగా కూర్చుంటాడు. సానెట్‌లో నడక మారదు, భావం మారుతుంది. అంతే తేడా.

ఒక మంచి ఉదాహరణ చెబుతాను. అమెరికాలో న్యూయార్కు రేవులో కాగడా పట్టుకుని నిలబడ్డ స్వేచ్ఛా దేవత విగ్రహం బొమ్మ మీరందరూ చూసేవుంటారు. ఆ విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలక చందాలు పోగు చేస్తున్న రోజుల్లో, 1883లో, ఎమ్మా లాజరస్ అనే ఆవిడ ఒక సానెట్ రాసి ఇచ్చింది. మొదటి ఎనిమిది పాదాల్లో ఆ దేవత రూపం వర్ణిస్తుంది. పూర్వం గ్రీకుల దేశంలో వుండేదని చెప్పే మహా విగ్రహం లాంటిది కాదు ఇది, జయించడానికి నిలబడ్డ వీరుడు కాదు, ఒక తల్లి అంటుంది. తొమ్మిదో పాదంలో ఏమవుతుందో తెలుసా? విగ్రహం నోరు విప్పుతుంది! మీ పాత వైభవాలు మీరే వుంచుకోండి, అలసినవాళ్ళనీ బీదవాళ్ళనీ నిలువ నీడ లేనివాళ్ళనీ నా దగ్గరికి పంపండి అనే అర్థంలో మాట్లాడుతుంది. ఎనిమిది పాదాల సేపు మనం చూస్తూ నిలబడ్డ రాతిబొమ్మ లాంటిది హఠాత్తుగా మనతో మాట్లాడితే ఒళ్ళు జలదరించదూ? ఎమ్మా లాజరస్ 1887లో ముప్ఫై ఎనిమిదేళ్ళకే కన్నుమూసింది. ఆ పద్యాన్ని కంచుఫలకం మీద చెక్కి పెట్టింది 1903లో. ఆవిడ చూసుకోలేదు. ఆ పద్యం మాత్రం ఆ విగ్రహానికే అర్థం మార్చేసింది.

మరి ఇంత ఇరుకు కట్టులో రాయడమెందుకు, హాయిగా వచనంలో రాసుకోకూడదా అని అడగవచ్చు. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని మనవాళ్ళు వూరికే అనలేదు. ఇరుకులో నిలదొక్కుకోవడంలో ఒక పౌరుషం వుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి వుంది. దుఃఖం గాని కోపం గాని మనిషిని ముంచెత్తినప్పుడు మాట అదుపు తప్పుతుంది. అప్పుడు గట్లు వుంటే మేలు. మిల్టన్ మహాకవికి 1652 నాటికి, నలభై మూడేళ్ళ వయసులో, చూపు పూర్తిగా పోయింది. రాయడమే బ్రతుకుగా పెట్టుకున్న మనిషికి కళ్ళు పోతే ఎలాంటి ఏడుపు రావాలి! ఆయన దాన్ని ఒక్క సానెట్‌లో పెట్టాడు. దేవుడు నాకిచ్చిన విద్య ఇలా వృథా అయిపోతోందే అని గొణుగుతూ వుంటాడు. అందులో మలుపు తొమ్మిదో పాదం దాకా ఆగదు. ఎనిమిదో పాదం మధ్యలోనే ఓర్పు వచ్చి ఆ గొణుగుడికి అడ్డు పడుతుంది. కట్టు తెలిసినవాడు ఎక్కడ తప్పాలో కూడా తెలిసి తప్పాడు. ఇక కోపం మాట. 1919లో అమెరికాలో నల్లజాతి వాళ్ళ మీద దాడులు జరిగినప్పుడు, జమైకాలో పుట్టిన క్లాడ్ మెకే అనే కవి తన ఆగ్రహాన్ని ఒక సానెట్‌లోనే చెప్పాడు. అరిచి చెప్పిన దానికన్నా పళ్ళు బిగించి చెప్పినది ఎక్కువ వినిపిస్తుంది కదూ!

ఇంతవరకు గుణాలు చెప్పాను. ఇక మన ఆడవాళ్ళ వైపు నుంచి చూద్దాం.

సానెట్ అనగానే అందరూ తలుచుకునే కవి పెట్రార్క్. 1304లో ఇటలీలో పుట్టాడు. 1327 ఏప్రిల్ 6వ తేదీన ఆవిన్యోఁ పట్టణంలో ఒక చర్చిలో లారా అనే స్త్రీని చూశానని ఆయనే రాసుకున్నాడు. ఆవిడ ఎవరన్నది ఈనాటికీ తర్కంలోనే వుంది. ఆమె బతికివుండగానూ, 1348లో పోయిన తరవాతనూ ఆమె గురించి రాస్తూనే వున్నాడు. ఆ సంపుటంలో 366 పద్యాలుంటే అందులో 317 సానెట్లే. ఆమె జుట్టు, ఆమె కళ్ళు, ఆమె నడక, ఆమె చేతి తొడుగు, అన్నీ మనకి తెలుసు. ఆమె ఏమనుకున్నదో మాత్రం తెలియదు! ఆయన్ని చూసి నవ్వుకుందో, విసుక్కుందో, అసలు పట్టించుకుందో లేదో. తరవాత రెండు వందల ఏళ్ళు యూరప్ అంతటా కవులు ఇదే బాట పట్టారు. కళ్ళు సూర్యుళ్ళు, పెదవులు పగడాలు, తీగెలు బంగారం. చివరికి షేక్స్‌పియర్‌కే విసుగు పుట్టి, నా ప్రియురాలు ఇలాంటిదేమీ కాదు బాబూ, నేల మీద నడిచే మనిషి అని వేళాకోళం చేస్తూ ఒక సానెట్ రాశాడు. ఆయన "రోమియో జూలియట్" నాటకంలో ఇంకో ముచ్చట వుంది. ఆ ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకునే మాటలు కలిపితే సరిగ్గా ఒక సానెట్ అవుతుంది. మొదటి నాలుగు పాదాలు అతనివి, తరవాతి నాలుగు ఆమెవి, మిగతావి ఇద్దరూ పంచుకుంటారు. ఆ అమ్మాయి అతని ప్రాసనే తీసుకుని అతనికి జవాబు చెబుతుంది. నోరులేని లారా తరవాత జూలియట్ గొంతు వింటే ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. కానీ జూలియట్ చేత మాట్లాడించింది కూడా మగకవే కదా!

క్రిస్టీనా రొసెట్టి అనే ఇంగ్లీషు కవయిత్రి ఈ లోటు బాగా కనిపెట్టింది. ఆవిడ అన్నగారు పేరుపడ్డ చిత్రకారుడు. చిత్రకారుడి గదిలో ఏ పటం చూసినా ఒకే స్త్రీ మొహం వుందనీ, అయితే ఆమె వున్నట్టుగా కాక అతను కలగన్నట్టుగా వుందనీ ఆవిడ 1856లో ఒక సానెట్ రాసింది. అది ఆవిడ పోయిన తరవాత గాని అచ్చు కాలేదు. 1881లో "పేరులేని ఆవిడ" అని అర్థం వచ్చే ఇటాలియన్ పేరుతో పద్నాలుగు సానెట్లు ప్రచురించింది. పాతకాలం కవులు పొగిడిన స్త్రీలు తామే మాట్లాడివుంటే ఎలా వుండేదో అన్నది అందులో వూహ. పద్నాలుగు పాదాలవి పద్నాలుగు. లెక్క చూశారా!

ఆవిడకన్నా ముందు నిజంగా తన బ్రతుకునే సానెట్‌లో పెట్టిన స్త్రీ ఎలిజబెత్ బారెట్. ఈవిడ కథ కాస్త వివరంగా చెప్పనివ్వండి. 1806లో ఇంగ్లండులో పుట్టింది. చిన్నతనం నుంచీ జబ్బుమనిషి. లండన్‌లో వింపోల్ వీధిలో తండ్రి ఇంట్లో చాలాకాలం గది దాటకుండా బ్రతికింది. తండ్రికి పన్నెండుమంది సంతానం. వాళ్ళలో ఎవ్వరూ పెళ్ళి చేసుకోరాదని ఆయన పట్టు. కారణం చెప్పేవాడు కాదు. ఆ గదిలోంచే ఆవిడ పద్యాలు రాసి పేరు తెచ్చుకుంది. 1845 జనవరిలో రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవి, తనకన్నా ఆరేళ్ళు చిన్నవాడు, ఆవిడ పద్యాలు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఏడాదిన్నర పైచిలుకు కాలంలో వాళ్ళిద్దరి మధ్య అయిదు వందలకు పైగా ఉత్తరాలు నడిచాయి. 1846 సెప్టెంబరు 12న రహస్యంగా పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికూతురు తండ్రి ఇంటికే తిరిగివచ్చి ఏమీ ఎరగనట్టు వారం రోజులు గడిపింది. తరవాత పనిమనిషినీ, ఫ్లష్ అనే కుక్కనీ వెంటబెట్టుకుని భర్తతో ఇటలీ వెళ్ళిపోయింది. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్ళు. తండ్రి ఆమెని క్షమించలేదు. ఆమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు.

పెళ్ళికి ముందు ఆ రహస్యపు రోజుల్లో ఆవిడ ఎవరికీ చూపకుండా రాసుకున్నవి 44 సానెట్లు. భర్తకే 1849 దాకా చూపలేదు. 1850లో అచ్చువేసినప్పుడు ఎవరివో అనువాదాలు అనిపించేలా "పోర్చుగీసు సానెట్లు" అనే ధోరణిలో పేరు పెట్టారు. ఆ ముసుగు ఎవర్నీ ఎక్కువ కాలం మోసపుచ్చలేదు లెండి. వీటిల్లో మొదటిది చూడండి. వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టవుతుంది. మృత్యువే వచ్చిందనుకుంటుంది. కాదు, ప్రేమ అని జవాబు వస్తుంది. ఇక్కడ అసలు మలుపు చిట్టచివరి పాదంలో వుంది. చావుకి సిద్ధపడ్డ రోగిష్టి మనిషికి నలభయ్యో ఏట బ్రతుకు ఎదురుపడితే అలా కాక ఎలా వుంటుంది! ఇంకో సానెట్‌లో, నన్ను నా నవ్వు కోసమో చూపు కోసమో ప్రేమించకు, అవి మారిపోతాయి, నా మీద జాలిపడి కూడా ప్రేమించకు, నువ్వు ఓదార్చగా ఓదార్చగా నేను ఏడవడం మరిచిపోతే నీ ప్రేమకి ఆధారం పోతుంది అని వాదిస్తుంది. అయిదు వందల ఏళ్ళుగా సానెట్‌లో మగవాళ్ళు పొగుడుతూ వచ్చింది ఆ నవ్వునీ ఆ చూపునే కదా! వాళ్ళ గదిలోకే వచ్చి, వాళ్ళ కుర్చీలోనే కూర్చుని, వాళ్ళ ప్రాసలోనే వాళ్ళ మాటకి అడ్డు చెప్పింది ఆ తల్లి.

మన దేశంలోకీ సానెట్ వచ్చింది. బెంగాలీ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు, 1848 నుంచి కొన్నేళ్ళు మన మద్రాసులో కాపురమున్నవాడు, ఫ్రాన్సులో వెర్సాయి పట్టణంలో డబ్బుకి కటకటలాడుతూ, ఈశ్వరచంద్ర విద్యాసాగరుల సాయంతో రోజులు గడుపుతూ, బెంగాలీలో సానెట్లు రాశాడు. "చతుర్దశపదీ కవితావళి" అని 1866లో వచ్చాయి. సముద్రాల అవతల కూర్చుని తన వూరి కపోతాక్ష నదిని తలుచుకున్నాడు. కలకత్తా ఆడపడుచు తోరూ దత్తు ఇంగ్లీషులోనే రాసింది. తమ తోటలోని చింతచెట్ల లేతపచ్చ, మామిడితోపుల ముదురుపచ్చ, ఎర్రటి బూరుగుపూలు, వెదురుపొదల వెనక వెన్నెల, అన్నీ ఒక్క సానెట్‌లో కూర్చింది. 1877లో ఇరవై ఒక్కేళ్ళకే పోయింది పాపం! ఇటలీ నోటరీ కట్టిన గదిలో మన చింతచెట్టు మొలిచిందంటే ముచ్చటగా లేదూ?

అయితే ఈ గది ఎంత ముచ్చటైనా అందులో పట్టనివీ వున్నాయి. కథ పట్టదు. ఒక మనిషి పుట్టి, పెరిగి, సంసారం చేసి, మారిన తీరు పద్నాలుగు పాదాల్లో చెప్పలేం. నూరు సానెట్లు దండ గుచ్చవచ్చు. కానీ ఏ పువ్వుకా పువ్వే, మధ్య దారం కనిపిస్తూనే వుంటుంది. ఇంకో చిక్కేమిటంటే, చెప్పవలసింది పది పాదాల్లో అయిపోతే మిగతా నాలుగూ ఏదో ఒకటి పోసి నింపాలి. మన పద్యాల్లో పాదపూరణానికి వేసే మాటల్లాంటివే అవి. పప్పులో నీళ్ళు ఎక్కువైతే నాలిక పట్టేస్తుంది కదా! ఇక ఇంగ్లీషు సానెట్ చివర వచ్చే రెండు పాదాల జంట సామెతలా టక్కున మూసుకుంటుంది. వినడానికి బాగుంటుంది గాని, మన కష్టాలు అలా టక్కున మూసుకుంటాయా? నిన్నటి బెంగ ఇవాళా వుంటుంది, రేపూ వుంటుంది. అలాంటి తెగని బెంగకి సానెట్ సరిపోదు.

ఈ సంగతి ఎలిజబెత్‌కి బాగా తెలుసు. అందుకే ఒక స్త్రీ కవయిత్రిగా ఎలా ఎదిగింది, పెళ్ళి ముఖ్యమా పని ముఖ్యమా, దిక్కులేని ఆడదానికి లోకం ఏం చేసింది అనే విషయాలు చెప్పదలుచుకున్నప్పుడు సానెట్ జోలికే పోలేదు. 1856లో "అరోరా లీ" అని తొమ్మిది భాగాల కావ్యం రాసింది. పదివేల పాదాలకు పైన వుంటుంది! మిల్టన్ అంతే. సానెట్లు రాసిన నోటితోనే "పారడైజ్ లాస్ట్" పదివేల పాదాలకు పైగా ఇతరుల చేత చెప్పి రాయించాడు. మధుసూదన దత్తూ అంతే, మేఘనాథుడి వధ మహాకావ్యంగా కూడా రాశాడు. చిన్నదానిలో వుండగలిగినవాళ్ళు పెద్దదానిలోకి వెళ్ళే దారి కూడా తెలిసినవాళ్ళే. విచారించవలసిందేమిటంటే, ఎలిజబెత్ పేరు చెబితే ఈనాడు చాలామందికి గుర్తొచ్చేది 43వ సానెట్ ఒక్కటే. చిన్నది కాబట్టి ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఇమిడిపోయింది. పెద్ద కావ్యం అల్మారాలో వుండిపోయింది.

చివరగా వర్డ్స్‌వర్త్ మాట చెప్పి ముగిస్తాను. 1802 మే నెలలో ఆయనకి మిల్టన్ సానెట్లు చదివి వినిపించింది ఆయన చెల్లెలు డొరొతీ. ఆ వూపులో మొదలుపెట్టి జీవితకాలంలో అయిదు వందలకు పైగా రాశాడు. 1807లో అచ్చయిన ఒక సానెట్‌లో ఆయన ఈ ఇరుకునే సమర్థించాడు. సన్యాసినులు తమ చిన్న గదుల్లో తృప్తిగానే వున్నారు, రాట్నం దగ్గర పిల్లలు సంతోషంగానే వున్నారు, మగ్గం దగ్గర నేతగాడూ అంతే, మనంతట మనం వరించిన చెర చెర కాదు, స్వేచ్ఛ ఎక్కువై అలిసినవాళ్ళకి నా సానెట్ కాస్త సేద తీరుస్తుంది అన్నది దాని సారాంశం.

చాలా మంచి మాట. కానీ అమ్మలారా, ఇంట్లో కూర్చుని చదివే నాలాంటిదానికి వెంటనే ఒక అనుమానం వస్తుంది. ఆ రాట్నం దగ్గర పిల్లని ఆయన అడిగాడా? స్వేచ్ఛ ఎక్కువై అలిసినవాళ్ళకి చిన్న గది విశ్రాంతి, సరే. స్వేచ్ఛ ఎలా వుంటుందో ఎరగనివాళ్ళకి? డొరొతీ దినచర్య రాసుకునేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ 1802లో లండన్ దాటి వెళుతూ థేమ్స్ వంతెన మీంచి చూసిన ఉదయం ఆమె దినచర్యలోనూ వుంది, అన్నగారి సానెట్‌లోనూ వుంది. సానెట్ లోకమంతా చదివింది. ఆ దినచర్య ఆమె బతికుండగా పుస్తకంగా రాలేదు.

అయినా వర్డ్స్‌వర్త్‌ని పూర్తిగా తోసేయడానికి వీల్లేదు. "మనంతట మనం వరించిన" అనే షరతు ఆయనే పెట్టాడు. ఆ షరతే అసలు సంగతి. గది చిన్నదా పెద్దదా అని కాదు చూడవలసింది. గడియ లోపలివైపు వుందా, బయటివైపు వుందా అని. వింపోల్ వీధిలో తండ్రి ఇంటి గదికి గడియ బయట వుంది. అదే గదిలో కూర్చుని ఎలిజబెత్ రాసుకున్న సానెట్‌కి గడియ లోపల వుంది. రెండూ ఇరుకే. ఒకటి ఆమెని రోగిని చేసింది, ఇంకొకటి ఆమె చేత మాట్లాడించింది.

కాబట్టి మీ ఇంట్లో కాలేజీ చదివే అమ్మాయి వుంటే, ఆ పుస్తకంలోంచి ఒక సానెట్ తీసి అర్థం చెప్పమనండి. మలుపు ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి. ఎప్పుడైనా మనసు బరువెక్కి రాసుకోవాలనిపిస్తే, పద్నాలుగు వరసలు గీసుకుని కూర్చోండి. ఛందస్సు రాదే అని బెంగ వద్దు. ఎనిమిది వరసలు రాశాక "అయితే" అని మొదలుపెట్టి చూడండి. ఏ మాట వస్తుందో మీకే తెలియదు. ఆ మాట పద్నాలుగో వరసలో ఆగకపోతే పదిహేనో వరస కూడా రాయండి. పుట ఇంకా మిగిలే వుంటుంది.